ఇత్తడి గుండీల రాజ్యం

సికింద్రాబాద్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి మేడ్చల్ వైపు వస్తుంటే అమ్ముగూడ దాటాక కావల్రీ బ్యారక్స్ అనే చిన్న స్టేషన్ వస్తుంది. దాని తర్వాత మా అల్వాల్, ఆ పైన బొల్లారం బజార్, బొల్లారం. గుర్రపు దళాలు పోయి తరాలు గడిచాయి. బోర్డు మీద మాత్రం ఆ పేరు ఉండిపోయింది. ఈ నాలుగు స్టేషన్ల మేర, పట్టాలకు అటూ ఇటూ, రెండు రకాల యూనిఫారాలు బతికాయి. ఒకటి సిపాయిది, రెండోది రైల్వే మనిషిది. రెండింటికీ డబ్బు ఇచ్చింది హైదరాబాద్ సంస్థానం ఖజానా. ఆ ఖజానా నింపింది తెలుగు, మరాఠీ, కన్నడ పల్లెల రైతులు. 1948 సెప్టెంబరులో సంస్థానం కూలినప్పుడు ఆ రెండు యూనిఫారాలూ చెరో దారి పట్టాయి. ఆ కథ రాజుల పేర్ల కింద, జనరళ్ళ పేర్ల కింద పడి నలిగిపోయింది. కోటు తొడుక్కున్న మనిషి వైపు నుంచి దాన్ని చెప్పాలని ఎన్నాళ్ళుగానో నాకు కోరిక.

ముందు వచ్చింది సిపాయి డ్రస్సు. 1811లో హైదరాబాద్‌కు ఇంగ్లీషువాళ్ళ రెసిడెంటుగా వచ్చిన హెన్రీ రస్సెల్, నిజాం ఖర్చు మీద, ఇంగ్లీషు దొరల చేతికింద నడిచే ఒక సైన్యాన్ని లేపాడు. దాన్ని రస్సెల్ బ్రిగేడ్ అన్నారు. అదే పెరిగి పెద్దదై హైదరాబాద్ కంటింజెంట్ అయింది. బొల్లారం దాని ముఖ్య స్థావరం. జీతం నిజాంది, హుకుం ఈస్టిండియా కంపెనీది. ఆ సైన్యాన్ని మేపడానికి దివాన్ చందూలాల్ కాలంలో పామర్ కంపెనీ దగ్గర చేసిన అప్పులు సంస్థానం నడ్డి విరిచాయి. చివరికి ఆ బాకీ కిందనే 1853లో పత్తి పండే బేరార్ జిల్లాలను ఇంగ్లీషువాళ్ళ చేతిలో పెట్టాల్సి వచ్చింది. ఒక సైన్యపు కోటుకు, బూటుకు, గుర్రపు దాణాకు ఒక రాష్ట్రమంత నేల పోయింది.

కంటింజెంట్ గుర్రపు దళాలు ముదురు ఆకుపచ్చ కోట్లు వేసేవి. ఆ కోటు తొడిగినవాడు ఎవరి మనిషి అన్నది ఎన్నడూ తేలలేదు. 1855 సెప్టెంబరులో బొల్లారంలో మొహర్రం ఊరేగింపు విషయంలో బ్రిగేడియర్ కాలిన్ మెకంజీకీ సవార్లకూ మాటా మాటా పెరిగింది. మెకంజీ మీద అతని సొంత దళంవాళ్ళే కత్తులు దూశారు. ఒళ్ళంతా గాయాలతో అతను బతికి బయటపడ్డాడు. మూడేళ్ళు తిరగకముందే అదే కంటింజెంట్ హ్యూ రోజ్ సేనలో చేరి మధ్య భారతంలో ఝాన్సీ రాణి పక్షం మీద యుద్ధం చేసింది. ఆ సిపాయిల తిరుగుబాటులో పట్నంలో రెసిడెన్సీ మీదికి దూకిన తుర్రేబాజ్ ఖాన్‌ను చంపేశారు. బొల్లారం సవార్లు మాత్రం ఇంగ్లీషు జెండా కింద నర్మద దాటి వెళ్ళారు. రెండు వైపులా చచ్చినవాళ్ళు దక్కన్ మనుషులే.

1902లో కర్జన్ ప్రభువు బేరార్‌ను శాశ్వత కౌలుకు రాయించుకున్నాడు. మరుసటేడు కంటింజెంట్‌ను ఇండియన్ ఆర్మీలో కలిపేశారు. గుర్రపు దళాలకు డెక్కన్ హార్స్ లాంటి పేర్లొచ్చాయి. పదాతి దళాలకు 94 నుంచి 99 దాకా అంకెలిచ్చారు. ఆ డెక్కన్ హార్స్ సవార్లే మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు చేరి, 1916 జూలై 14న హైవుడ్ అనే చోట ఈటెలతో, గుర్రాల మీద, మిషన్ గన్లకు ఎదురెళ్ళారు. పదాతి దళాలు 1920ల మొదట్లో 19వ హైదరాబాద్ రెజిమెంట్‌గా ఒక గొడుగు కిందికి వచ్చాయి. క్రమంగా అందులో దక్కన్ మనుషులు తగ్గి కుమావూ కొండలవాళ్ళు ఎక్కువయ్యారు. 1945 అక్టోబరు 27న దాని పేరులోంచి హైదరాబాద్ అన్న మాటే తీసేసి కుమావూ రెజిమెంట్ అన్నారు. రాజ్యం పోవడానికి మూడేళ్ళ ముందే ఆ పేరు సిపాయి భుజం మీంచి దిగిపోయింది. 1947 నవంబరు 3న కాశ్మీర్‌లో బడ్గామ్ దగ్గర ప్రాణమిచ్చి దేశపు మొట్టమొదటి పరమవీరచక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ 1942లో కమిషన్ పుచ్చుకున్నది ఈ హైదరాబాద్ రెజిమెంట్‌లోనే.

ఒక చిన్న వస్తువు దగ్గర ఆగాలి. కుమావూ రెజిమెంట్ టోపీ మీద ఈనాటికీ ఒక బిళ్ళ ఉంటుంది. దాని మీద నడుము పైభాగం మాత్రమే ఉన్న సింహం, పంజాలు పైకెత్తి, ఒక శిలువను పట్టుకుని కనిపిస్తుంది. హిమాలయాల సిపాయికి ఆ సింహం ఎక్కడిది? అది హెన్రీ రస్సెల్ వంశపు చిహ్నం. రెండు వందల ఏళ్ళ కింద హైదరాబాద్‌లో కొలువు చేసి వెళ్ళిపోయిన ఒక దొర ఇంటి గుర్తు, నిజాం జీతం తిన్న మనుషుల నెత్తికెక్కి, నిజాం పోయాక, దొరలూ పోయాక, ఇంకా అక్కడే కూర్చుంది. ఆ మొదటి బ్రిగేడ్‌లో రస్సెల్ మాట విని కవాతు చేసిన ఒక్క సిపాయి పేరు మాత్రం బొల్లారంలో ఎవరినడిగినా చెప్పలేరు.

రైల్వే డ్రస్సు సంగతికి వస్తాను. వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో పెద్ద లైను వచ్చింది. ఆ తర్వాత లండన్‌లో ఒక కంపెనీ పుట్టింది. నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే దాని పేరు. పెట్టుబడి పెట్టిన దొరలకు ఏటా ఇంత వడ్డీ వస్తుందని సంస్థానం పూచీ పడింది, అందుకే ఆ గ్యారంటీ. ఈ బేరంతో ముడిపడ్డ చాందా రైల్వే పథకాన్ని 1883లో ఎదిరించి మాట్లాడినందుకు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయను సంస్థానం నుంచి వెళ్ళగొట్టారు. ఈ రైలు చరిత్రలో మొదటి బలి ఆయనే అనాలి. లైను 1889 నాటికి బెజవాడ చేరింది. లాలాగూడలో 1893లో వర్క్‌షాపు లేచింది. 1901 నాటికి హైదరాబాద్–గోదావరి వ్యాలీ రైల్వే పేరుతో మీటర్ గేజ్ లైను బొల్లారం, మేడ్చల్, కామారెడ్డి, ఇందూరు, నాందేడు, ఔరంగాబాద్ మీదుగా మన్మాడ్ దాకా పోయింది. అల్వాల్‌కు కూత వినపడింది అప్పుడే.

1930 ఏప్రిల్ 1న సంస్థానం ఆ కంపెనీని కొనేసింది. అప్పటిదాకా ఎన్.జి.ఎస్.ఆర్. అని ఉన్న గుండీల మీద జి అన్న అక్షరం పోయి ఎన్.ఎస్.ఆర్. మిగిలింది. ఇది చిన్న మార్పు కాదు. పరాయి షేర్‌దార్ల కంపెనీ నిజాం స్టేట్ రైల్వే అయింది. రెండేళ్ళకు, 1932 జూన్‌లో, ఆ రైల్వే కిందనే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలైంది. నేటి ఆర్టీసీకి మూలం అదే. బస్సు నంబరు ప్లేటు మీద జెడ్ అన్న అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు.

స్టేషన్‌లో హోదా చూపులోనే తెలిసేది. స్టేషన్ మాస్టరుకు తెల్ల డ్రస్సు. గార్డుకు కోటు, ఈల, ఎర్ర జెండా, పచ్చ జెండా, రాత్రయితే రంగు అద్దాల లాంతరు. టికెట్ కలెక్టరుకు నల్ల కోటు. కూలీకి ఎర్ర చొక్కా, జబ్బకు నంబరు వేసిన ఇత్తడి బిళ్ళ. గ్యాంగ్‌మన్‌కు, ఖలాసీకి ఒంటి మీద ఏముందన్నది ఎవరికీ పట్టేది కాదు. ఊళ్ళో బిళ్ళ బంట్రోతు వస్తున్నాడంటే పిల్లలు గుమ్మం చాటుకు పోయే రోజులవి. ఆ ఇత్తడికి అంత బలం. గుండీలు మెరవకపోతే మాట పడాల్సి వచ్చేది, కాబట్టి చింతపండు పులుసుతోనో, ఇటుక పొడితోనో వాటిని తోమేవాళ్ళు. ఏళ్ళ తరబడి తోమిన గుండీ మీద అక్షరాల అంచులు కరిగి నున్నబడతాయి. వేలితో తడిమితే ఎన్ అక్షరం తగులుతుంది, ఆర్ తగలదు. రైల్వేలో ఎన్నాళ్ళు పనిచేశాడో ఆ మనిషి కాగితం చూపనక్కర లేదు, గుండీ చెప్పేది. ఆ తోమిన చేతులు మాత్రం చాలావరకు ఇంట్లో ఆడవాళ్ళవి.

యుద్ధం రోజులొచ్చాయి. 1941 డిసెంబరులో జపాన్ సేనలు మలయా తీరంలో కోట బారులో దిగినప్పుడు అక్కడి విమానాశ్రయం కాపలా కాసిన దళాల్లో నిజాం సొంత సైన్యపు ఒకటో హైదరాబాద్ పదాతి దళం ఉంది. అంతకు ఏడాది ముందే నిజాం తలపాగా ఇంగ్లండ్ ఆకాశంలో ఎగిరింది. బ్రిటిష్ వైమానిక దళంలో 152వ స్క్వాడ్రన్ పేరు హైదరాబాద్ స్క్వాడ్రన్. నిజాం ఇచ్చిన డబ్బుకు గుర్తుగా దాని చిహ్నంలో ఆయన దస్తార్ బొమ్మ పెట్టారు. కింద రాసిన మాటకు అర్థం నమ్మకమైన మిత్రుడు అని. మొదటి ప్రపంచయుద్ధంలో ఇచ్చిన సాయానికి 1918లో నిజాంకు ఇంగ్లీషు సర్కారు కట్టబెట్టిన బిరుదే అది. 1940లో ఆ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు ఇంగ్లండ్ దక్షిణ తీరాన జర్మన్ విమానాలతో తలపడ్డాయి. ఏడేళ్ళకే ఆ మిత్రులు తట్టాబుట్టా సర్దుకుని వెళ్ళారు. డొమీనియన్ హోదా ఇవ్వమని నిజాం అడిగితే చెవిన పెట్టలేదు. దస్తార్ బొమ్మ మాత్రం స్క్వాడ్రన్ చిహ్నంలో అలాగే ఉంచుకున్నారు.

అవే ఏళ్ళలో, ఆ విమానాలు ఎదిరించిన జర్మనీలో, ఒక రైల్వే యూనిఫారం పడిన పాటు ఇక్కడ చెప్పకుండా ముందుకు పోలేను. జర్మన్ రైల్వే పేరు రైష్‌బాన్. దాని మనుషులది ముదురు నీలం డ్రస్సు. టోపీ మీద వాళ్ళ వృత్తికి పాత గుర్తయిన రెక్కల చక్రం ఉండేది. బండికి రైట్ ఇచ్చే అధికారికి ఎర్ర టోపీ. హిట్లర్ వచ్చాక చక్రానికి పైన స్వస్తిక పట్టిన గద్ద వాలింది. యుద్ధకాలంలో కాలరు పట్టీలు, భుజాల మీద చుక్కలు సైన్యంలో హోదాల మాదిరి పెరిగాయి. ఆక్రమించిన తూర్పు దేశాలకు పంపిన రైల్వేవాళ్ళను నీలం కోట్లవాళ్ళని పిలిచేవారు. సైన్యం సొంత రైల్వేవాళ్ళది బూడిద రంగు. ఆ నీలం కోట్లవాళ్ళే యూదులను చంపుడు శిబిరాలకు చేరవేసే బళ్ళకు టైం టేబుళ్ళు రాశారు. ఆ బళ్ళకు టికెట్ లెక్క ఉండేది. మనిషికి కిలోమీటరుకు నాలుగు ఫెన్నిగ్‌లు, పదేళ్ళలోపు పిల్లలకు సగం, నాలుగేళ్ళలోపు పసివాళ్ళకు ఉచితం. నాలుగు వందల మంది దాటితే గుంపు రాయితీ. చావుకు పోయే బండికి రాయితీ లెక్క వేసిన ఆ గుమాస్తా చేతిలో తుపాకీ లేదు, ఒంటి మీద రైల్వే కోటు మాత్రమే ఉంది. 1945లో జర్మనీ కూలింది. గద్దను పీకేసి, అదే కోటు తొడుక్కుని, మిత్ర దేశాల సైన్యాల కింద అవే మనుషులు బళ్ళు నడిపారు. బొగ్గు, ఆలుగడ్డలు, సొంతూళ్ళు పోయిన జనం ఆ బళ్ళలోనే కదలాలి మరి.

రాజ్యం ఏదైనా రైలుకు మనిషి కావాలి. సిపాయి విషయం అలా కాదు. ఓడిన రాజు సిపాయి గెలిచినవాడికి అనుమానం, భారం. హైదరాబాద్‌లో జరిగింది ఇదే.

1947 నవంబరు 29న ఇండియా సర్కారుతో యథాతథ ఒడంబడిక కుదిరింది. దాని ప్రకారం సికింద్రాబాద్, బొల్లారం కంటోన్మెంట్ల నుంచి ఇండియన్ ఆర్మీ వెళ్ళిపోయింది. ఇండియా ఏజెంట్ జనరల్‌గా వచ్చిన కె.ఎం. మున్షీ మకాం మాకు కూతవేటు దూరంలో, బొల్లారంలో, దక్షిణ సదన్ అని ఆయన పేరు పెట్టుకున్న ఇంట్లో. పల్లెల్లో అప్పటికే ఇంకో ఖాకీ డ్రస్సు తిరుగుతోంది. కాసిం రజ్వీ రజాకార్లది అది. జీతం లేదు, సర్వీసు రికార్డు లేదు, చేతిలో తుపాకీ ఉంది. నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో వాళ్ళు తగలబెట్టిన ఊళ్ళు, 1948 ఆగస్టులో భైరాన్‌పల్లిలో వరసలో నిలబెట్టి కాల్చిన మనుషులు మన ఇళ్ళల్లో ఇంకా మాటల్లో ఉన్నారు. వెట్టి కింద నలిగిన తెలుగు రైతుకు నిజాం రాజ్యం పోవడం విముక్తి. ఆ మాట గట్టిగా చెప్పాకే మిగతా దుఃఖం చెప్పడానికి నాకు నోరు వస్తుంది.

1948 మే 22న గంగాపూర్ స్టేషన్‌లో రైలు ఆపి రజాకార్లు ప్రయాణికుల మీద దాడి చేశారు. ప్లాట్‌ఫారం మీద రైల్వే డ్రస్సులో నిలబడ్డ మనిషి పరిస్థితి ఆలోచించండి. అతని గుండీల మీద ఉన్నదీ నిజాం పేరే, తుపాకులు పట్టుకొచ్చినవాళ్ళు చెప్పిందీ నిజాం పేరే. ఎర్ర జెండా చూపితే ఆగేది బండి ఒక్కటే.

సెప్టెంబరు 13 తెల్లవారుజామున ఇండియా సైన్యం షోలాపూర్ వైపు నుంచి, బెజవాడ వైపు నుంచి, ఇంకా పలు దారుల్లో లోపలికి వచ్చింది. జనం దాన్ని పోలీస్ యాక్షన్ అన్నారు. నిజాం పటాలాల బలం ఇరవై వేల పైచిలుకు. వాళ్ళ దగ్గర ట్యాంకులకు ఎదురు నిలిచే సరంజామా లేదు, విమానాలు లేవు. నిజాం ఆర్మీ కమాండర్ మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్‌కు ఈ యుద్ధం నిలబడదని తెలుసు. అయిదో రోజుకు, సెప్టెంబరు 17న, నిజాం ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. బొల్లారంలో కదలకుండా కట్టడి చేసిన మున్షీకి నిజాం నుంచి కబురు వెళ్ళింది. మర్నాడు సాయంత్రం సికింద్రాబాద్ పొలిమేరల్లో ఎల్ ఎద్రూస్ తన సైన్యాన్ని మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురీకి అప్పగించాడు. ఆనాటి ఫోటో చాలామంది చూసే ఉంటారు. ఇద్దరూ ఇంగ్లీషు పద్ధతిలో తయారైన సైనికులు, ఇద్దరివీ ఒకే తీరు యూనిఫారాలు, ఇద్దరివీ ఒకే హోదా. ఒకరి హోదా ఆ నిమిషంతో సరి.

నిజాంల ఆసఫ్‌జాహీ వంశపు పసుపుపచ్చ జెండా నడుమ గుండ్రటి కుల్చా రొట్టె గుర్తు ఉండేది. మొదటి నిజాం ఒక ఫకీరు దగ్గర ఏడు కుల్చాలు తిన్నాడని, ఏడు తరాలు ఏలుతారని ఆ ఫకీరు దీవించాడని కథ. ఎల్ ఎద్రూస్ చనిపోయాక వెలువడిన ఆయన జ్ఞాపకాల పుస్తకం పేరులో కూడా ఆ ఏడు రొట్టెలున్నాయి.

జనరల్‌కు పుస్తకం మిగిలింది. సవారుకు ఏం మిగిలింది? పటాలాలు చాలావరకు రద్దయ్యాయి. సర్కారు లెక్కలో ఆ అయిదు రోజుల్లో చచ్చిన నిజాం సిపాయిలు 807 మంది. మిగిలినవాళ్ళు ఇంటికి పోయారు. కొందరికి వెళ్ళడానికి ఇల్లు కూడా ప్రమాదమైంది. పోలీస్ యాక్షన్ తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడు జిల్లాల పల్లెల్లో ముస్లింల మీద జరిగిన ఊచకోతలో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. చచ్చినవాళ్ళలో రజాకార్ ఎవరు, వాడి పక్కింటి నేతగాడు ఎవరు, సెలవు మీద ఊరికి వచ్చిన సిపాయి ఎవరు అని విడదీసి చూసినవాడు లేడు. పట్నంలో ఉద్యోగాలు ఊడినవాళ్ళు రిక్షా తొక్కారు. నిన్నటిదాకా సలాములు అందుకున్న జమేదారు ఈనాడు రిక్షా దగ్గర నిలబడి సవారీ కోసం పిలవాలి. ఖాకీ చొక్కా మాత్రం అదే, భుజం మీద పట్టీలు పీకిన చోట రంగు తేడా కనబడేది.

మాసబ్‌ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్ అన్న పేట ఉంది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్నదే దాని పూర్తి పేరు. వనపర్తి రాజా దగ్గర ఉన్న సిద్దీల దళం 19వ శతాబ్దంలో నిజాం కొలువుకు వచ్చింది. ఊరేగింపుల్లో నిజాం ముందు గుర్రాల మీద నడిచిన మనుషులు వాళ్ళు. దళం రద్దయింది. పాత నివాసాలు ఇరుకు గల్లీలయ్యాయి. వాళ్ళ మనవలు మర్ఫా డప్పులు వాయించి పెళ్ళి బారాతుల్లో బతుకు వెళ్ళదీశారు. యెమెన్ వైపు నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల వారసులు బార్కాస్‌లో ఉన్నారు. సైన్యాలు పోయి పేటల పేర్లు మిగిలిన పట్నం మనది. సికింద్రాబాద్‌నే జనం లష్కర్ అంటారు. అక్కడ ఆషాఢంలో బోనాలెక్కే ఉజ్జయినీ మహంకాళి అమ్మను కొలువుకు తెచ్చింది కూడా రెండు శతాబ్దాల కింద మిలటరీలో డోలీ మోసిన సురిటి అప్పయ్య. బిళ్ళ లేని, చుక్క లేని మనిషి. లష్కర్‌లో సిపాయి హోదాలు లేనివాడి పేరు ఒక్కటి నిలబడింది.

దఫేదారు అన్నది గుర్రపు దళంలో హోదా. సవార్లను నడిపిన హోదా అది. ఆ మాట ఇప్పుడు కలెక్టరాఫీసులో వినబడుతుంది. తెల్ల బట్టలు, ఎర్ర పట్టీ, ఇత్తడి బిళ్ళ పెట్టుకుని కలెక్టరు గది ముందు నిలబడే దఫేదారును చూసినప్పుడల్లా నాకు గుండె కలుక్కుమంటుంది. గుర్రం పోయింది, ఈటె పోయింది. తలుపు తెరవడం మిగిలింది.

రైల్వేకు ఈ ప్రళయం రాలేదు. సెప్టెంబరులో సైన్యం లొంగిపోయినా బొల్లారం బండి ఆగిపోలేదు. 1950 ఏప్రిల్ 1న సంస్థానాల రైల్వేలన్నిటితో పాటు ఎన్.ఎస్.ఆర్. కూడా కేంద్ర సర్కారు చేతికి వెళ్ళింది. 1951 నవంబరు 5న గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేతో, సింధియా, ధోల్‌పూర్ సంస్థానాల రైల్వేలతో కలిసి సెంట్రల్ రైల్వే అయింది. పెద్దాఫీసు బొంబాయికి పోయింది. బదిలీలు, సీనియారిటీ లిస్టులు, ఉర్దూలో ఉన్న కాగితాలు, అన్నీ తారుమారు. లాలాగూడ, మెట్టుగూడ క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డులు ఉండేవాళ్ళు. వాళ్ళలో ఎన్నో కుటుంబాలు సామాను కట్టుకుని ఇంగ్లండ్‌కు, ఆస్ట్రేలియాకు ఓడలెక్కాయి. ఇక్కడ నిజాం మనుషులమని, అక్కడ నల్లవాళ్ళమని అనిపించుకున్న జనం. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. 1930కి ముందు పద్దెనిమిదేళ్ళ కుర్రాడిగా లాలాగూడలో చేరిన మనిషి ఎవరైనా ఉంటే, రిటైరయ్యే లోపల అతని గుండీల మీద అక్షరాలు రెండుసార్లు మారాయి. ఎన్.జి.ఎస్.ఆర్., ఎన్.ఎస్.ఆర్., ఆ తర్వాత సెంట్రల్ రైల్వే. అతను బిగించిన నట్టు మారలేదు, ఊపిన జెండా మారలేదు.

జర్మనీలో ఇంకో వింత జరిగింది. పడమర సగంలో రైల్వే పేరు మార్చుకుంది. తూర్పు సగంలోని కమ్యూనిస్టు సర్కారు మాత్రం బెర్లిన్‌లో రైలు హక్కులు పోతాయన్న భయంతో రైష్‌బాన్ అన్న పాత పేరునే పట్టుకు వేలాడింది. రాజ్యం పోయిన దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత, 1994 జనవరి 1న రెండు రైల్వేలూ కలిసినప్పుడు గానీ ఆ పేరు చావలేదు.

మా లైనులో మీటర్ గేజ్ కూడా పోయింది. మన్మాడ్ దాకా పరుగెత్తిన అజంతా ఎక్స్‌ప్రెస్ పొగ ఇంజను రోజులు పెద్దవాళ్ళ నోట వినాల్సిందే. 2022లో రైల్వే బోర్డు గార్డు అన్న హోదాను ట్రైన్ మేనేజర్ అని మార్చింది. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్‌కు ఎంఎంటీఎస్ మొదలైంది. ఇది మంచికే. పొద్దున్నే పనికి పోయేవాళ్ళకు బండి కావాలి, పాత గుండీలు కాదు. అయినా ఆ ఇత్తడి ఎక్కడికి పోయిందో ఎవరో ఒకరు అడగాలి. జుమ్మేరాత్ బజారులో, ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో పాత ఇత్తడి తూకం లెక్కన అమ్ముడుపోతుంది. ఎన్.ఎస్.ఆర్. అక్షరాలున్న లాంతరు దొరికితే దాన్ని ముందుగదిలో అలంకారానికి పెట్టుకునేవాళ్ళున్నారు. ఆ లాంతరు పట్టుకుని వర్షంలో చివరి పెట్టె మెట్టు మీద నిలబడ్డ మనిషి ఎవరని అడిగితే ఆ ఇంట్లో జవాబు ఉండదు.

ఇన్ని చిహ్నాల్లో సింహం ఉంది, గద్ద ఉంది, దస్తార్ ఉంది, రొట్టె ఉంది. ప్రతిదీ పైనున్నవాడి పేరు చెప్పింది. తొడుక్కున్నవాడి పేరు ఒక్కటీ చెప్పలేదు. పైవాడు పడిపోయినప్పుడు కిందివాడికి మిగిలిన గుర్తు కూడా పోయింది, తనదని చెప్పుకోవడానికి ఆ కోటులో ఏమీ లేదు కాబట్టి. అల్వాల్‌లో, బొల్లారంలో, లాలాగూడలో, ఏసీ గార్డ్స్‌లో పాత ట్రంకు పెట్టెలున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. తాతదో, ముత్తాతదో కోటు, బెల్టు, బిళ్ళ, నాలుగు గుండీలు అడుగున ఉండే ఉంటాయి. పాత సామాను వాడికి వేసేముందు ఒక పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే కూర్చోబెట్టి అడగండి. ఆ కోటు ఎవరిది, ఏ స్టేషన్‌లో, ఏ పటాలంలో పనిచేశాడు, ఏ ఏడాది దాకా తొడిగాడు, మానేశాక ఏం చేసి ఇల్లు నడిపాడు, గుండీలు ఎవరు తోమేవాళ్ళు. అదంతా ఒక కాగితం మీద రాసి ఆ కోటు జేబులోనే పెట్టండి.